దర్వాజ మీద చెయ్యి

పొద్దున పాలగిన్నె కడిగి పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. మాకు పాలు పోసే పక్కింటి అత్తమ్మ పెద్దకొడుకు వచ్చాడు. చేతిలో క్యాన్ లేదు.

"అక్కా, ఈ పూట పాలు తెస్తలేను. అమ్మ పోయింది," అన్నాడు.

నిద్రలోనే పోయిందట. మనిషి పోయినా బర్రెల పొదుగులు ఆగవు కదా. ఆ పొద్దు తాళ్లు విప్పి, పాలన్నీ దూడలకే వదిలేశారు. హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొత్తానికి నల్ల చాయే.

వాళ్లింటికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ఒకామె గొంతు తగ్గించి, "మనిషి మంచిదే గని, పిల్లలు లోపల ఏడుస్తుంటే దర్వాజ పట్టుకొని నిలబడుతుండె. అదేం తల్లో," అన్నది. చుట్టూ నాలుగు తలలు ఊగాయి. నేను ఊపలేదు. ఈ మాటలు ఆ ఊగిన తలల కోసం కూడా రాస్తున్నాను.

నిలబడేది, నిజమే. అత్తమ్మకు నలుగురు కొడుకులు, కొట్టం నిండా బర్రెలు. రెండు పూటలా పాలు పిండి, పేడ ఎత్తి, ఇంట్లోకి పోయే ముందు దర్వాజ చెక్క మీద కుడి అరచెయ్యి ఆనించి కాసేపు ఆగేది. లోపల నలుగురూ కొట్టుకుంటున్నా సరే, ఆ కాసేపు కదిలేది కాదు. ఏళ్ల తరబడి పాల జిడ్డు అంటి, చెక్కలో ఆ చోటు నల్లగా నున్నగా మెరిసేది. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఏదో మొక్కు అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను.

"ఏం మొక్కుతున్నవ్ అత్తమ్మా?"

"మొక్కు గాదు బిడ్డా. 'ఏందమ్మా, ఎట్లున్నవ్?' అని నన్ను నేను అడుగుతున్న. లోపలికి పోయినంక ఒక్కడన్న అడుగుతడా?"

"మరి జవాబు ఏమొచ్చింది?"

"నడుం గుంజుతున్నదట. చిన్నోని మీద మస్తు కోపమున్నదట. ఏం గాదు, నడువ్ అన్న," అని నవ్వి లోపలికి పోయింది.

నేను పద్ధతి మనిషిని. ఉప్పు కొన్నా రాసుకుంటాను. పిల్ల పుట్టాక అన్నం తినే వేళ, పడుకునే వేళ, టీకాల తేదీలు కాగితం మీద గీసి బీరువాకు అతికించాను. పిల్ల ఆ కాగితాన్ని ఏనాడూ ఖాతరు చేయలేదు. అది తినకపోతే తప్పు నాదే. దగ్గు వస్తే నాదే. చదువులో వెనకబడితే మరీ నాదే. మా వాళ్లంతా అలాగే చెప్పారు, నేనూ అలాగే నమ్మాను.

దానికి ఆరేళ్లప్పుడు, ఒక పొద్దున బడి ఆటో వచ్చి నిలబడింది. షూ ఒకటే దొరికింది. పొయ్యి మీద పాలు పొంగాయి. ఉప్మా యూనిఫాం మీద పడింది. నేను అరిచిన అరుపుకు బయట ఆటోవాడు హారన్ ఆపేశాడు. పిల్ల వెళ్లిపోయాక గడప మీద కూలబడి, నేనసలు తల్లినేనా అని తల కొట్టుకున్నాను. అత్తమ్మ కొట్టంలోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"బర్రెను కొడితే పాలు చేపుతదా?" అన్నది.

నాకు అర్థం కాలేదు. కొట్టంలోకి తీసుకుపోయింది. ఒక బర్రె బెదిరిపోయి పాలు ఇవ్వట్లేదు. అత్తమ్మ దాని వీపు మీద అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడింది. బర్రె ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి పొదుగు నిండింది, గిన్నెలో ధార మోగింది.

"చూసినవా? బెదిరిన బర్రె పాలు దాచుకుంటది. కొట్టిన కొద్ది ఇంక దాచుకుంటది. నిన్ను నువ్వు గిట్ల కొట్టుకుంటే, పిల్లకు పెట్టనీకి నీ తాన ప్రేమ యాడికెళ్లొస్తది?"

అని అదే చెయ్యి నా వీపు మీద పెట్టింది. పేడ వాసన. నేను దూరం జరగలేదు.

ఇంకోసారి, నేను నా పాత తప్పులన్నీ ఏకరువు పెడుతుంటే విసుక్కుంది. "పాలల్ల ఈగ పడితే తీసి పారేస్తం. డబ్బీల పెట్టి దాస్తమా?"

"అయితే మీ పాలల్ల ఈగలు పడతయా అత్తమ్మా?"

"నీకు పోసే పాలల్ల పడవులే, పో."

దేవత ఏమీ కాదు. కోపమొస్తే ఆమె తిట్లు గల్లీ చివరిదాకా వినిపించేవి. కొన్నిసార్లు పాలు పలుచగా ఉండేవి. అడిగితే, "బర్రె నీళ్లు ఎక్కువ తాగింది" అనేది. కానీ దర్వాజ దగ్గర నిలబడినందుకు మాత్రం ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. ఎవరన్నా ఎత్తిపొడిస్తే, "కోపంతోని లోపలికి పోతే నలుగురికి దెబ్బలు. ఆగి పోతే నలుగురికి బువ్వ. నీకేది కావాలె?" అనేది.

అత్తమ్మ పదకొండో రోజు భోజనాలయ్యాక మా వైపు ఆడవాళ్లు మా ఇంట్లో కూర్చున్నారు. నా కూతురు కాన్పుకు వచ్చి ఇక్కడే ఉంది. పసిదానికి మూడో నెల. పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. పాలు పట్టి, ఎత్తుకుని, జోకొట్టి, నా కూతురు అలిసిపోయింది. చివరికి "ఏం కావాల్నే నీకు!" అని అరిచేసింది. ఆ వెంటనే దాని ముఖం తెల్లబోయింది. ఆ ముఖం నాకు తెలుసు. పసిదాన్ని నా ఒళ్లో పెట్టి బయటి దర్వాజ దాకా వెళ్లి, చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడింది. నేను నేర్పలేదు. చిన్నప్పుడు పక్కింటి కొట్టంలో ఆడుకుంటూ చూసి ఉంటుంది.

"బిడ్డ ఏడుస్తుంటే గట్ల నిలబడ్డదేంది? ఆ పాలామె అలవాటే వచ్చినట్టున్నది," అన్నది మా ఆడబిడ్డ, లేవబోతూ.

"అవును వదినా, ఆమె అలవాటే. మంచి అలవాటు. కూసో."

"తల్లివి, నువ్వన్న చెప్పొద్దా?"

"చెప్తున్న గద, నీకు. పసిది నా ఒళ్లో ఉన్నది, ఏం ఫికర్ లేదు. నా బిడ్డ వచ్చేదాక దాన్ని ఎవరూ పిలవొద్దు."

ఆడబిడ్డ మళ్లీ కూర్చుంది. పసిది మాత్రం ఏడుస్తూనే ఉంది. నా కూతురి భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. పెదాలు కదిలాయి. ఏం అడుగుతోందో నాకు తెలుసు, జవాబే వినపడలేదు. తర్వాత వచ్చి పసిదాని కోసం చేతులు చాపింది.

శుక్రవారం పొద్దున గడప కడిగి, పసుపు రాసి, దర్వాజ తుడవబోయాను. చెక్క మీద అరచెయ్యంత జిడ్డు మరక. పసిదానికి రాసే నూనె అది. దాని చుట్టూ తుడిచి, గుడ్డ పిండేశాను.