టైపుమిషను లాలిపాట

ఆ రోజుల్లో చంటిపిల్లకు లాల పోయడానికి వచ్చే మనిషిని ఎవరూ సర్టిఫికెట్ అడిగేవారు కారు. ఇప్పుడైతే ఎన్నేళ్ళ అనుభవం అంటారు, ఎవరెవరి ఇళ్ళలో చేశావంటారు, చేతులకు ఏ సబ్బు వాడతావని కూడా అడుగుతారు. మంచిదే. అప్పుడు మాత్రం ఒక్కటే ప్రశ్న: "నీకు పిల్లలెంతమందమ్మా?" ఇద్దరో ముగ్గురో అంటే చాలు, పురిటిగది తలుపు తెరుచుకునేది. పాతికేళ్ళుగా ఈ పని మీదే బతుకుతున్నదాన్ని కనుక ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకుంటున్నాను. ఆ ప్రశ్నకు నేను మొదటిసారి చెప్పిన జవాబు పచ్చి అబద్ధం. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళే కాలేదు.

తొంభైల నడుమ సంగతి. ఇంటర్ తప్పి (ఒక్క సబ్జెక్టే, కాకపోతే మూడుసార్లు), రాజోలు దగ్గర మా ఊరి నుంచి కొత్తపేటలో మేనత్త ఇంటికి టైపు నేర్చుకోవడానికి వచ్చాను. అత్తయ్య ఒకప్పుడు నర్సింగ్ హోంలో ఆయా. తరవాత ఆ పని మానేసి, ఇళ్ళకు వెళ్ళి బాలింతలకూ పిల్లలకూ నీళ్ళు పోసేది. ఆవిడ పోస్తే పిల్ల కిక్కురుమనదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. వాడపల్లి వెళ్ళే దారిలో ఒక పెద్ద రైతుల ఇంటికి వస్తానని మాటిచ్చి, సరిగ్గా ముందురోజు నూతి దగ్గర నాచు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మామయ్య పోయి చాలా కాలమైంది. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ చెయ్యే. కట్టు వేయించుకొచ్చి మంచం మీద కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది.

"రేపు నువ్వెళ్ళవే."

"నేనా? నాకు చంటిపిల్లని ఎత్తుకోడమే రాదత్తయ్యా!"

"వస్తుంది. మాట తప్పేమంటే ఆ ఒక్క ఇల్లే కాదే, ఆ ఊరే పోతుంది. పిల్లలున్నారా అంటే ఇద్దరని చెప్పు. ఎక్కువ మాటాడకు."

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. నన్ను పీట మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, కాళ్ళ మీద గుమ్మడికాయను పడుకోబెట్టింది. నూనె ఎలా రాయాలి, నీళ్ళు ఏ పక్కనుంచి పోయాలి, బోర్లా ఎలా తిప్పాలి, అన్నీ ఎడమచేత్తో చూపిస్తూ చెప్పింది. "చంటిపిల్లకి మెడ నిలవదు. నీ అరచెయ్యే దాని మెడనుకో" అంది. గుమ్మడికాయకు మెడ ఉండదు కనుక ఆ ఒక్క పాఠం నాకు సరిగా ఎక్కలేదు. కాయ రెండుసార్లు జారింది, రెండోసారి పగిలింది. (మర్నాడు పులుసు పెట్టుకున్నాం.) తెల్లవారి అత్తయ్య తన చీర కట్టించి, తన వెండి మెట్టెలు నా వేళ్ళకు తొడిగింది. వదులైతే దారం చుట్టింది. ప్రార్థన చేసి బస్సెక్కించింది. ఆ ప్రార్థన పిల్ల కోసమో నా కోసమో నేను అడగలేదు.

ఆ ఇంట్లో పెత్తనమంతా బాలింత నాయనమ్మది. అందరూ మామ్మగారనేవారు. వీధి అరుగు మీదే నన్ను ఆపారు.

"పిల్లలెంతమందమ్మా?"

"ఇద్దరండీ."

"ఆడా, మగా?"

ఈ ప్రశ్న అత్తయ్య చెప్పలేదు. "ఆయ్... ఒకళ్ళు అదీ, ఒకళ్ళు ఇదీ అండీ" అన్నాను. ఆవిడ నన్ను ఓసారి తేరిపార చూసి, "సరే, లోపలికి రా" అన్నారు.

పురిటిగదిలో ఉన్న అమ్మాయిగారు డిగ్రీ చదువుకున్నావిడ. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదేమో. తలకు గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముట్టకుండా ఆరిపోతోంది. కాన్పయి పన్నెండు రోజులైనా ఆవిడ తనంతట తాను బిడ్డను ఒళ్ళోకి తీసుకోలేదట. పాలకు ఎవరో తెచ్చి పట్టుకోవాలి. అప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటుందట. "గాలి సోకిందే అమ్మా" అని మామ్మగారు నా చెవిలో చెప్పారు. అప్పటికే తాయెత్తు కట్టించారు. మంగళవారం ఎవరినో పిలిపించి వేపమండలతో దిగతీయిస్తారట. నాకు అవేవీ సరిగా వినపడటం లేదు. నా కళ్ళన్నీ ఆ బిడ్డ మెడ మీద ఉన్నాయి.

గది పక్కనే ఉన్న చప్టా మీద పీట వేసుకుని కూర్చున్నాను. తలుపు తీసి ఉంచితే అమ్మాయిగారికి మంచం మీదనుంచి మేం కనపడతాం. బిడ్డను నా కాళ్ళ మీద పెట్టగానే ఊరు లేచిపోయేలా ఏడుపు అందుకుంది. "ఏదైనా పాడవే, ఊరుకుంటుంది" అన్నారు మామ్మగారు. భయంతో నాకు ఒక్క లాలిపాటా గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా రోజూ ఉదయం గంటసేపు కొట్టే టైపు మొదటి పాఠమే. చేతులు వణక్కుండా నడిపించేది కూడా అదొక్కటే. "ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్... సెమికోలన్ ఎల్ కే జే హెచ్ జే..." అని రాగం తీశాను. ఎడమచెయ్యి మెడ కింద పెట్టి, ఆ తాళానికే నీళ్ళు పోశాను. పిల్ల ఏడుపు ఆపేసింది! నాకే నమ్మకం కలగలేదు.

"అదేం పాటే? మనది కానట్టుందే" అన్నారు మామ్మగారు.

"మావైపు దొరసానులు నేర్పిన పాటండీ" అన్నాను. (మా ఊళ్ళో దొరసాని అనే మనిషిని నేను ఏనాడూ చూడలేదు.) ఆవిడ తృప్తిగా తలాడించి, సాంబ్రాణికి నిప్పులు తేవడానికి వంటింట్లోకి వెళ్ళారు. అంతలో గదిలోంచి వింత చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే అమ్మాయిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వుతోంది.

"ఆ లాలిపాట నేనూ పాసయ్యేనమ్మాయ్. టైపు లోయర్, ఫస్టు క్లాసు" అంది.

చేతిలో చెంబు కింద పెట్టేశాను.

"నిజం చెప్పు. నీకు పిల్లల్లేరు కదూ?"

"లేరండీ. మా అత్తయ్యకి చెయ్యిరిగిందండీ. మామ్మగారికి చెప్పకండి."

"మరి నీకు భయం లేదూ?"

"చచ్చేంత భయమండీ. నిన్న గుమ్మడికాయ పగలగొట్టేనండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకూ అంతేనే. ముట్టుకుంటే దాని మెడ ఏమైపోతుందోనని. పెద్దవాళ్ళంతా తల్లికి తెలీకుండా ఉంటుందా అంటారు. నాకేం తెలీదు. ఎవరితోనన్నా అంటే నవ్విపోతారు" అంది. ఇంట్లో ఇంతమంది ఉండి ఆవిడకు గాలి సోకిందన్నారే కానీ, భయమేస్తోందా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడిగి ఉండేదాన్ని కాదు, నా భయం నాకుంది కనుక. "ఇలా వచ్చి కూర్చోండి. మీ అరచెయ్యి ఇక్కడ పెట్టండి. దాని మెడ మీ చెయ్యేనండి" అన్నాను. ఆవిడ నెమ్మదిగా మంచం దిగి వచ్చి, పక్కనే కూర్చుని, చెయ్యి చాచింది. పన్నెండు రోజుల తరవాత బిడ్డ తల ఆ చేతిలో ఆనింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. బిడ్డ మాత్రం ఆవులించింది.

సరిగ్గా అప్పుడు నిప్పులతో వచ్చిన మామ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. మనవరాలిని చూసి కాదు. దారం తడిసి ఊడిన నా మెట్టె ఒకటి నీళ్ళతోపాటు జారి ఆవిడ కాలికి తగిలింది. వంగి తీసి, నా వేళ్ళవైపు చూశారు. అక్కడ మెట్టె నొక్కు ఆనవాలు కూడా లేదు. ఇక దాచలేక అంతా చెప్పేశాను. పొమ్మంటారనే అనుకున్నాను.

"అబద్ధమాడి నా మునిమనవరాల్ని ముట్టుకున్నావు. తప్పా కాదా?"

"తప్పేనండీ."

"తనని పంపెయ్యకు మామ్మా" అంది అమ్మాయిగారు, బిడ్డ మీదనుంచి చూపు తిప్పకుండా. మామ్మగారు ఆ చేతిని, ఆ చేతిలోని తలను అప్పుడు చూశారు. నిప్పుల పళ్ళెం కింద పెట్టి, పైట చెంగుతో ముఖం తుడుచుకున్నారు. "రేప్పొద్దున్న మీ అత్తయ్యని కూడా తీసుకురా. చెయ్యిరిగితే నోరేం విరగలేదు కదా" అన్నారు.

మర్నాటినుంచి అత్తయ్య కుర్చీలో కూర్చుని, కట్టుచెయ్యి ఊపుతూ హుకుంలు జారీ చేసేది. నేనూ అమ్మాయిగారూ చెరోవైపు కూర్చుని చివాట్లు తినేవాళ్ళం. మంగళవారం రావలసిన మనిషిని మామ్మగారు రావద్దని కబురు పెట్టారు. నెల తిరిగేసరికి అమ్మాయిగారే స్వయంగా బిడ్డకు లాల పోయసాగింది. బస్సులో తిరిగొస్తూ అత్తయ్య సణిగేది, "తల్లులకి నేర్పేస్తే మనల్నెవరు పిలుస్తారే?" అని. కానీ ఆ ఊళ్ళోనే మరో మూడిళ్ళ నుంచి, "తల్లికి కూడా నేర్పుతుందట, ఆ పిల్లనే పంపండి" అని కబురొచ్చింది. టైపు పరీక్షకు మాత్రం నేను వెళ్ళనేలేదు.

ఆ తరవాత ఎంతమందికి లాల పోశానో లెక్క పెట్టుకోలేదు. పెళ్ళయి అమలాపురంలో నాకు కొడుకు పుట్టినప్పుడు, ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి ఉదయం కాగునీళ్ళు సిద్ధం చేసుకుని, పీట వేసుకుని, వాణ్ణి కాళ్ళ మీద పెట్టుకున్నాను. చేతులు కదలలేదు. అత్తయ్య అప్పటికి లేదు. చివరకు పక్కింటావిణ్ణి కేకేశాను. ఆవిడ ముసిముసిగా నవ్వుతూనే వచ్చి, చెంగు దోపుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను. ఆవిడ లాల పోయడంలో నాకు నాలుగు తప్పులు కనిపించాయి. ఒక్కటీ చెప్పలేదు.