నీళ్లు కక్కించే ఆట

మొన్న ఆదివారం కొల్లేరు పక్కన మా పుట్టింట్లో కొర్రమీను ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుండగా, చెరువుగట్టు మీద పిల్లల గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. గోల వినిపించినంతసేపూ లేని భయం అది ఆగగానే పట్టుకుంది. ఆ పసుపు చేతులతోనే పరుగెత్తాను. తీరా చూస్తే మా పదకొండేళ్ల అబ్బాయి చిట్టి చెల్లెల్ని రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తుతున్నాడు. అది కళ్లు మూసుకుని బిగుసుకుపోయి ఉంది. నన్ను చూసి ఇద్దరూ పకపకా నవ్వారు. "నీళ్లు కక్కించే ఆటమ్మా, తాతయ్య నేర్పారు." వాళ్లు తాతయ్య అనేది మా బాబాయిని.

నాకు పదేళ్లప్పుడు అదే గట్టు మీద బాబాయి మా తమ్ముణ్ణి అలాగే పట్టుకుని గిరగిరా తిప్పారు. చేపలకు మేత చల్లే పడవ అంచు నుంచి జారిపడిన ఆరేళ్లవాడు. కడుపులో నీళ్లు బయటికొస్తే ప్రాణం నిలుస్తుందని మా వైపు అందరి నమ్మకం. మన ఈడువాళ్లకు ఇది తెలిసిందే. నీళ్లు వచ్చాయి కూడా. ఆడవాళ్లు దణ్ణాలు పెట్టుకున్నారు, వాడు లేస్తే తల తుడుద్దామని నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఊపిరి మాత్రం రాలేదు.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక నర్సమ్మగారు మనిషంత రబ్బరు బొమ్మతో వచ్చి, నీళ్లలో మునిగినవాళ్లను తిప్పుతూ కూర్చుంటే ఉన్న కాస్త సమయమూ పోతుందని, ముందు అందాల్సింది ఊపిరేనని చెప్పారు. కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాను. తర్వాత ఏలూరులో పంతులమ్మనయ్యాక ఏటా నా తరగతి పిల్లలకు రబ్బరు బొమ్మకు బదులు తలకింద పెట్టుకునే బాలీసు మీద ఆ పాఠం నేర్పుతూనే ఉన్నాను. పిల్లలు జడుసుకుంటారేమోనండీ అని తల్లులు సందేహిస్తే, జడుపు ఒక పూటే ఉంటుందండీ, విద్య ఉండిపోతుంది అని ఒప్పించాను. ఆ ధైర్యమంతా మా ఊళ్లో బస్సు దిగగానే పోయేది. తన చేతులు చేయగలిగిందంతా చేశాయన్న నమ్మకం మీదే బాబాయి ఇన్నేళ్లూ బతికారు. దాన్ని ఎలా లాక్కోను? నా మౌనమే మా అబ్బాయి చేతుల్లోకి ఆటగా వచ్చింది.

మా చిన్నప్పటి కాలిబాట గట్ల మీద ఇప్పుడు కార్లు తిరుగుతున్నాయి. నీళ్ల లోతు మాత్రం అంతే.

మర్నాడు పొద్దున్నే వసారాలో బాలీసు వేశాను. బాబాయి కాఫీ తాగుతూ అక్కడే ఉన్నారు. మీరు నీళ్లలోకి దిగొద్దు, పెద్దవాళ్లను కేకెయ్యండి, ఒకరు అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి, ఒడ్డుకు చేర్చాక తిప్పొద్దు, కడుపు నొక్కొద్దు, ఊపిరి ఆడకపోతే ముందు నోట్లోకి ఊది, తర్వాత రొమ్ము మధ్యన గట్టిగా నొక్కాలి అంటూ పిల్లల చేత ఒక్కొక్కటే చేయించాను.

బాబాయి గ్లాసు కింద పెట్టారు. "అయితే ఆ రోజు నేను తిప్పింది తప్పేనా అమ్మాయీ?"

"ఆ రోజు మనకెవరూ చెప్పలేదు బాబాయ్."

ఆయన లేచొచ్చి బాలీసు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"కాస్త జరగండి నాన్నా," అన్నాను పిల్లలతో. "తాతయ్య చేతుల్లో చాలా బలముంది. ఎక్కడ పెట్టాలో చూపించండి."