మిరపచేలో ఇచ్చిన ముఖాలు

కరీమున్ మాటిచ్చిందంటే ఆ రోజుకు కోత మొదలైనట్టే. పొదిలి చుట్టుపక్కల మిరప వేసిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పన్నెండో ఏట కూలికి వచ్చిన మనిషి, ఇప్పుడు నలభై ఆరేళ్లకు తనతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. కూలి రేటు మాట్లాడేది తనే, ఆటో కుదిర్చేది తనే, గట్టు మీద తగువొస్తే తీర్చేదీ తనే. భర్త రంజాన్ లారీ మీద నుంచి పడి కాలు విరిగిన దగ్గర్నుంచి ఇల్లు నడిపేదీ తనే. చదువు రాదు. అయినా ఎవరు ఏ రోజు రాలేదో నెల తర్వాత అడిగినా చెబుతుంది.

ముఠాలో అందరి ఆధార్, పాన్ కార్డుల జెరాక్సులు ఆమె దగ్గరే ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ఏ పథకం వచ్చినా, ఏ లోను వచ్చినా అందరూ పని మానుకుని తిరగలేరు కాబట్టి కరీమునే ఆ కవరు పట్టుకుని ఆఫీసులకు వెళుతుంది. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. నేనూ అనుకోలేదు. నేను రామమూర్తిని, ముప్ఫైరెండేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, రెండెకరాల మిరప వేసుకుంటున్నవాణ్ణి. నా చదువు సంగతి ఎందుకు చెబుతున్నానో ఇప్పుడే తెలుస్తుంది.

పోయినేడు రెండో కోతప్పుడు, మధ్యాహ్నం అన్నాల వేళ, గుంటూరు నుంచి ఒక ఏజెంటు నా చేలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. డిజిటల్ నాణేలు కొని అమ్మే ఎక్స్ఛేంజి ఒకటి ఉందని, అందులో పేరు రాయించుకుంటే మనిషికి ఐదొందలు అక్కడికక్కడే ఇస్తానని చెప్పాడు. మీరు ఏమీ కొననక్కర్లేదు, పైసా పెట్టనక్కర్లేదు అన్నాడు. ఐదొందలంటే పొద్దుగూకులూ ఎండలో వంగితే వచ్చే డబ్బు. ఎవరు కాదంటారు? కరీమున్ సరేనని, కవరు విప్పి అందరి కార్డుల జెరాక్సులూ అతని చేతిలో పెట్టింది.

ఘాటుకు ముక్కూ నోరూ మూసి గుడ్డలు కట్టుకునే వాళ్లు ఒక్కొక్కరే గుడ్డ విప్పి ఫోను ముందు నిలబడ్డారు. కళ్లార్పమన్నాడు, ఎడమకు తిరగమన్నాడు, కుడికి తిరగమన్నాడు. సిద్దికాకు నవ్వాగక మూడుసార్లు తీయాల్సి వచ్చింది. వెనక తెల్లగా ఉండాలంటే ఎరువు సంచుల పట్టా పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? నేనే. ఏదో పెళ్లి ఫోటోలు తీయిస్తున్నంత సంబరంగా నిలబడ్డాను.

చివర్లో ఫోను నిండా ఇంగ్లీషు వచ్చింది. కరీమున్ దాన్ని నా చేతికిచ్చి, "సారూ, ఏముందో కాస్త చూసి చెప్పండి" అంది. ఎండలో తెర సరిగా కనిపించలేదు, కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ. బొటనవేలితో రెండుసార్లు కిందికి తోసి, "అంతా మామూలేనమ్మా, బ్యాంకులో లాగానే. నొక్కండి" అన్నాను. సారే చెప్పాడు కదా అని అందరూ నొక్కారు. ఫోన్ నంబరు అడిగిన చోట ఏజెంటు వీళ్ల నంబర్లు కాకుండా తన దగ్గరున్న కొత్త సిమ్‌ల నంబర్లు కొట్టాడు. అది చూశాను. ఎందుకని అడగాలని తోచలేదు.

ఈ జనవరిలో జమీలాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. ముఠాలో అందరికన్నా పెద్దది, మనిషి మెతక. వేరే రాష్ట్రం పోలీసులు పంపిన కాగితం అది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఎవరో పెద్దాయన్ని ఫోన్లో బెదిరించి గుంజిన నాలుగు లక్షలు, జమీలా పేరున్న ఎక్స్ఛేంజి ఖాతాలోకి వచ్చి, నాణేలుగా మారి ఎటో వెళ్లిపోయాయి. అదే పాన్ కార్డు మీదున్న ఆమె బ్యాంకు ఖాతాను పోలీసులు ఆపించేశారు. రెండు మేకలు అమ్మి కూతురి కాన్పుకని వేసుకున్న డబ్బు అందులోనే ఇరుక్కుపోయింది.

ఆ ఎక్స్ఛేంజికి ఫోను చేద్దామంటే నంబరే లేదు. ఆ ఖాతా మూసేయమని వాళ్ల సైటులో రాసి పంపితే, రిజిస్టరైన నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమంది. ఆ నంబరు ఏజెంటుది. అది లేకపోతే ముఖం మళ్లీ వీడియో తీసి పంపమంది.

"నా మొహం ఇంకోసారి వాళ్లకిచ్చేది లేదు సారూ" అంది జమీలా. ఆ తర్వాత ఎంత చెప్పినా వినలేదు.

పొదిలి స్టేషన్లో కానిస్టేబుల్ అస్లాం మంచివాడు. జమీలా, కరీమున్, నేను వెళితే కూర్చోబెట్టి విన్నాడు. "ఖాతా ఆపించొచ్చు మాస్టారూ. పాస్‌వర్డయితే మార్చుకోవచ్చు. కార్డులు, మొహం వాళ్ల చేతికెళ్లాక వెనక్కి తెచ్చేదేం లేదండి. వాటితో ఇంకెన్ని ఖాతాలు తెరిచారో ఎవరికి తెలుసు? ఇంతకీ ఎంతమంది ఇచ్చారు?"

కరీమున్ నా వైపు చూసింది. "ఈమొక్కతే అండి" అంది.

ఆ అబద్ధం చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ముఠాలో తనతో కలిపి ఇంకా పదకొండు మంది ఉన్నారు. చెబితే, నీ మాట నమ్మి ఇచ్చాం అంటారు. పక్కూరి మేస్త్రి వీళ్లను తన వైపు లాక్కోవాలని ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నాడు, సోమవారం కోత మొదలు. పదిహేనేళ్లుగా కూడగట్టుకున్న ముఠా ఒక్కపూటలో చెదిరిపోతుంది. చెప్పకపోతే, ఏ రోజు ఎవరి గుమ్మంలోకి పోస్టుమాన్ వస్తాడో తెలియదు. సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, చేస్తున్న పని వదిలి వీధిలోకి వచ్చి నిలబడేది. తెలియని నంబరు మోగితే ఫోను రంజాన్ చేతికిచ్చేసేది. జమీలాతో ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

నేనేం సలహా ఇచ్చానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "కోత అయ్యాక చెబుదాంలే" అన్నాను. చేలో కాయ ఎర్రబడి ఉంది మరి.

సోమవారం వచ్చింది. అందరూ వచ్చారు. కరీమున్ పొద్దున్నుంచీ సాళ్లలో ఎవరినీ గదమలేదు. అన్నాలప్పుడు గిన్నె మూత కూడా తీయకుండా లేచి నిలబడింది.

"మీకో మాట చెప్పాలి. చెప్పాక నాతో రానన్నా ఏమనుకోను" అని మొదలుపెట్టి, జమీలా నోటీసు, బ్యాంకు, స్టేషన్లో తనాడిన అబద్ధం అన్నీ చెప్పింది. నా పేరు మాత్రం ఎత్తలేదు. నేనే కలగజేసుకుని, ఆ రోజు చదవకుండానే చదివానని చెప్పానని ఒప్పుకున్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సిద్దికా అన్నం గిన్నె పక్కన పెట్టింది. సంచీ అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"నాకూ వచ్చిందక్కా, పన్నెండు రోజులైంది" అంది. "పోలీసు కాగితం వచ్చిందని తెలిస్తే ముఠాలోంచి తీసేస్తావని చెప్పలేదు."

కరీమున్ ఆ కాగితం అందుకుని నా చేతికిచ్చింది. "సారూ, మొత్తం చదవండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు."

మొదటి అక్షరం నుంచి గట్టిగా చదివాను. ఫలానా తేదీలోగా హాజరై సంజాయిషీ ఇవ్వకపోతే అరెస్టుకు చర్యలు తీసుకుంటామని చివర్లో ఉంది. ఆ తేదీ దాటి మూడు రోజులైంది.