ఫూక్ రిజిస్టర్

బాన్సువాడ రైస్ మిల్లోళ్లను షాగుఫ్తా ఎవరని అడిగితే తెల్వదంటరేమో గని, గోనె సంచుల రషీద్ బిడ్డ అంటే అందరికీ ఎరుకే. సీజన్ల వడ్లు ఆరబెట్టే మిషను మొండికేసిందంటే చాలు, మిల్లాయన బండేసుకొని వాళ్లింటి ముందట దిగుతుండె. "రషీద్ భాయ్, జర బిడ్డను పిలువరాదు" అంటుండె. ఆమె చున్నీ సర్దుకొని, లాప్‌టాప్ చంకల పెట్టుకొని పోయేది. ఆ మిషను నడిపే సాఫ్ట్‌వేర్ ఆమె పనిచేసే కంపెనీదే మరి.

కంపెనీ హైదరాబాదుల, ఆమె పని ఇంటి మీది అర్రల. పెద్ద కొలువనుకునేరు, ఉత్త కాంట్రాక్టు. ఏడాదికోసారి పొడిగించినమని మెయిలొచ్చేదాంక తిన్న అన్నం అరగదు. పర్మనెంట్ అయితే చాలు, ఇంకేం వద్దనుకునేది.

ఒకనాడు టీం పెద్ద అఖిలేశ్ ఫోన్ చేసిండు. ఆమెకన్న చిన్నోడు, మాట మాత్రం తేనె. "అక్క, మూడు చిప్పుల కోడ్ ఒక్కటి చేద్దం. గది నీతోనే అయితది. అయినంక నిన్ను పర్మనెంట్ చేపిచ్చే పూచీ నాది" అన్నడు.

సంగతేందంటే, కంపెనీ మిషన్లల్ల మూడు రకాల ప్రాసెసర్లు, అంటే చిప్పులున్నయి. ఒక్కోదాంట్ల రిజిస్టర్లని చిన్న చిన్న అరలుంటయి. ఫ్యాన్ తిప్పుమనాలన్నా, వేడెంతున్నదో చూడాలన్నా ఆ అరలల్లనే రాయాలె, ఆ అరలనే చదవాలె. మిషనుకు ప్రాణం అసొంటి సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ అంటరు. ఆ కెర్నెల్‌ల ఈ చదువుడు, రాసుడు మూడు చిప్పులకు మూడు తీర్ల ఉన్నది. ఒక్క తప్పు దొరికితే మూడు జాగల దిద్దాలె. అందుకే చిప్పుకొక మనిషి. పాత చిప్పు షాగుఫ్తా పాలబడ్డది. తిక్కదని దాన్ని ఇంకెవ్వరు ముట్టరు.

దాని తిక్క ఆమెకే ఎరుక. దాంట్ల ఒక రిజిస్టర్ ఉన్నది, చదివినవా, చెరిగిపాయె. వడ్లు ఆరినయని అండ్ల వస్తది, ఒక్కసారి చూస్తే కనవడతది, మళ్ల చూస్తే ఉత్తదే. దీపాన్ని ఊదినట్టన్నమాట. ఊదుడును వాళ్లింట్ల ఫూక్ అంటరు. ఆమె దానికి ఫూక్ రిజిస్టర్ అని పేరు పెట్టుకున్నది, కోడ్‌ల గూడ అదే రాసుకున్నది.

ఎండాకాలం అంత కూసొని మూడింటికీ ఒక్కటే తొవ్వ ఏసింది. ఏ రిజిస్టరునైనా రెండుసార్లు చదువుడు, రెండూ కలిస్తేనే నమ్ముడు. కొత్త చిప్పులకు బ్రహ్మాండంగ కుదిరింది. పాత చిప్పున్న మన బాన్సువాడ మిల్లు మిషను మీద పెట్టి చూస్తే, వడ్లు ఆరినా వేడిగాలి ఆగదు. ఫట్‌ఫట్‌మని పగిలి బియ్యమంతా నూకలాయె. మిల్లాయన తిట్టిన తిట్లు సంత దాంక ఇనవడ్డయి. మొదటిసారి "ఆరినయి" అన్నది రెండోసారికి చెరిగిపాయె, రెండూ కలువకపాయె. అన్నిటిని ఒక్కటి చేయవోయి తన చిప్పును తనే మర్చిపోయిందని తెలిసి షాగుఫ్తా సిగ్గుతోని సచ్చిపోయింది. మళ్ల దిద్దింది. ఫూక్ కాడికొస్తే ఒక్కసారే చదివి, చదివింది దాసిపెట్టుకునేటట్టు చేసింది.

అఖిలేశ్ చూసి నవ్విండు. "ఈ ఫూక్ ఏంది అక్క, పైనోళ్లు చూస్తరు, జర ఇంగ్లీషు పేరు పెట్టు" అన్నడు. పేరే కద అని మార్చింది. పిచ్చిది.

తర్వాత ఇంకోటి అడిగిండు. "నీకు తెలిసినయన్నీ ఒక్కసారి చెప్పు అక్క, రికార్డ్ చేసుకుంటం." ఎవరన్న గంత ప్రేమగ అడిగితే ఎవరు చెప్పరు? అడిగినయి చెప్పింది, అడగనియి గూడ చెప్పింది. నడుమల తల్లి సుగ్రా చాయ్ తెస్తే, ఉండమ్మీ, పెద్ద మీటింగు అని తలుపు కాడనే ఆపింది.

మెయిలు వచ్చింది. ఈసారి పొడిగించలేదు.

ఫోన్ చేస్తే అఖిలేశ్ ఎత్తిండు, గంత వరకు మంచోడే. "నేనేం చేయాలె అక్క. మూడు ఒక్కటైనయి, ఇగ ముగ్గురెందుకంటుండ్రు పైన. కొత్త చిప్పు చూసే పిలగాన్ని ఒక్కన్నే ఉంచుతుండ్రు. నువ్వు మరీ మంచిగ చేసినవు, గదే తిప్పలయింది."

"నన్ను ఒక్కసారి చదువుడయిపాయె కద తమ్మీ," అన్నది షాగుఫ్తా. "నాది గూడ ఫూక్ రిజిస్టర్ లెక్కనే అయింది."

"ఏం రిజిస్టర్ అక్క?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఏడుపు రాలే, ఒళ్లు మండింది. ఆనిమీద కాదు, తన నోటిమీద.

ఇంట్ల చెప్పలే. పొద్దుగాల్నే మీది అర్రకు పోవుడు, లాప్‌టాప్ తెరిచి కూసునుడు, అన్నం యాళ్లకు దిగుడు. సుగ్రా చుట్టాలకు గొప్పగ చెప్పుకుంటనే ఉన్నది, మా పిల్ల మూడు మిషన్లను ఒక్కటి చేసిందని.

యాసంగి వడ్లు వచ్చినయి. ఒకనాడు పొద్దుమీకి రషీద్ మిల్లునుంచి వచ్చి, వాకిట్ల సంచులు మడతేసుకుంట సంబురంగ అన్నడు. "బేటా, నీ మిషను ఈ సీజన్ల ఒక్కపారి గూడ ఆగలే. మిల్లాయన నిన్ను యాది చేసిండు. ఆగితే పిలుస్త అన్నడు."

షాగుఫ్తా మెట్ల మీద కూసున్నది.

"ఆగదు అబ్బాజాన్. ఆగకుండ చేసిన. అందుకే నన్ను తీసేసిండ్రు."

రషీద్ చేతిల సంచి చేతిలనే ఉన్నది. ఆమె లేచి వచ్చి, రెండో కొస పట్టుకొని మడతేయబట్టింది.