ఆవగింజంత ఇంటూ మార్కు

ఆఫీసులో సంచీ కుట్టు విప్పగానే ముందు నేను తుమ్మాను, తర్వాత గదిలో అందరూ వరసగా తుమ్మారు. కొత్త ఎండుమిరపకాయల ఘాటు. పంపింది గుంటూరు నుంచి మరియమ్మగారు, మా బాసు సుగుణగారి పిన్ని. ఏటా సుగుణగారికి వచ్చే సంచీ, ఆవిడ పోయాక ఈ ఏడు నా పేరున వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అందరూ ఘాటుకే అనుకున్నారు, నేనూ కాదనలేదు.

సుగుణగారు చీరాలలో ఒక స్కూలు టీచరు కూతురు. సెల్‌ఫోన్లకు మెసేజీలుగా వెళ్ళే ప్రకటనలు అమ్మడంతో మొదలుపెట్టి, హైదరాబాదులో మా ఫోన్ ఆటల కంపెనీలో ప్రకటనల విభాగం అధిపతి దాకా వచ్చారు. ఆట మధ్యలో వచ్చి మిమ్మల్ని విసిగిస్తాయే, ఆ ప్రకటనలే మా బతుకుతెరువు. ఏదైనా పెరిగిందని చెబితే ఆవిడ సంతోషించేవారు కాదు. "ఎందుకు పెరిగింది?" అని అడిగేవారు. తగ్గినా అదే ప్రశ్న. నేను లోలోపల పళ్ళు కొరికేవాణ్ణి.

ఒక వేసవిలో చీరల దుకాణానికి నేనో ప్రకటన తయారుచేశాను. దాన్ని మూసే ఇంటూ మార్కును మూలన ఆవగింజంత పెట్టాను. గుంటూరు చుట్టుపక్కల జనం ఆ ప్రకటనను తెగ నొక్కారు, అదీ మధ్యాహ్నం పూట. నా ప్రమోషన్ దాని మీదే ఉంది.

"మధ్యాహ్నమే ఎందుకు?" అన్నారు సుగుణగారు.

"అన్నాలయ్యాక తీరిక కదండీ."

"ఆ తీరిక విజయవాడలో లేదా? పద, చూసొద్దాం."

నేరుగా మరియమ్మగారు పనిచేసే రేకుల షెడ్డుకు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు కుప్పల ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. అన్నాల వేళకు కొందరు ఫోన్లు తీశారు. ఒక్కరూ వేలికొనతో తాకడం లేదు. వేలు మడిచి కణుపుతో నొక్కుతున్నారు.

"చేతికి కారం ఉంటది గదా బాబూ," అన్నారు మరియమ్మగారు. "ఫోనుకి అంటుకుంటే, ఇంటికాడ పిల్లలు అది పట్టుకుని కళ్ళు నులుముకుంటారు. ఆట బానే ఉంటది గానీ, మధ్యలో ఈ చీరల కొట్టొచ్చి మీద పడుద్ది. మూద్దామంటే మూసుకోదు, లోపలికి లాక్కుపోద్ది."

సుగుణగారు పిన్ని ఫోన్ తీసుకుని నా చేతికిచ్చారు. "కణుపుతో మూయి రవీ, చూద్దాం."

మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ చీరల కొట్టే తెరుచుకుంది.

"ఎవరికయ్యా అన్ని చీరలు?" అని ఎవరో అంటే షెడ్డంతా నవ్వింది. సుగుణగారు నవ్వలేదు.

కారెక్కాక అన్నారు: "వాళ్ళు నచ్చి నొక్కలేదు, తప్పించుకోలేక నొక్కారు. దుకాణం వాళ్ళకి నేనే చెప్తాను."

"మరి నా ప్రమోషనండీ?"

"పోద్ది రవీ."

అంతే, ఓదార్పు మాట ఒక్కటీ లేదు. సంగతి చెప్పగానే దుకాణం వాళ్ళు వెళ్ళిపోయారు, అన్నట్టే ప్రమోషనూ పోయింది. పైవాళ్ళతో ఆవిడా మాటలు పడ్డారు. రెండు నెలలు ఆవిడంటే నాకు ఒళ్ళు మండేది. నేను చేసిన మిగతా ప్రకటనల్లో ఇంటూ మార్కును పెద్దది చేశాక, నన్నొక్కణ్ణే మళ్ళీ షెడ్డుకు పంపారు. మరియమ్మగారు ఒక్క కణుపు దెబ్బతో ప్రకటన మూసేసి, నా వంక చూడకుండా ఆటలో పడిపోయారు. నేను చేసిన ప్రకటనను అంత తేలిగ్గా తోసేస్తుంటే నాకెందుకంత సంతోషం వేసిందో, అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఇవాళ సంచీలోంచి గుప్పెడు కాయలు తీసి తొడిమలు తీస్తుంటే, మావాళ్ళు ఆమోదం కోసం కొత్త ప్రకటన ఒకటి తెచ్చారు. చేయి కడుక్కోలేదు. వేలు మడిచి కణుపుతో ఇంటూ మార్కు నొక్కాను. మూసుకోలేదు. వెనక్కి పంపేశాను.