కిర్రుకుర్చీ బేరం

మా వీధిలో కత్తెర మామ దగ్గర గడ్డం గీయించుకోవాలంటే ఓపిక ఉండాలి. గీసేది పది నిమిషాలు, చెప్పేది అరగంట. పదేళ్ల కిందట ఒకాయన ఆ కబుర్లు భరించలేక సగం గడ్డంతో లేచి ఎదురు సెలూన్‌కి వెళ్లిపోయాడు. ఎదురాయన మారుమాట లేకుండా మిగతా సగం గీసి పంపించాడు. అంతే, అప్పటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

పోయిన వారం అత్తకు, అంటే మామ భార్యకు, కడుపునొప్పి వచ్చింది. గ్యాసేలే అని రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున డాక్టరు చూసి అపెండిక్స్ అన్నాడు. సాయంత్రంలోగా ఆపరేషన్ చేయకపోతే ప్రాణం మీదికొస్తుందన్నాడు. సగం డబ్బు ముందే కట్టాలట. ఇల్లంతా దులిపినా మామకు అందులో నాలుగో వంతు కూడా రాలలేదు.

ఇక మిగిలింది షాపులో కుర్చీ. తిప్పితే కిర్రుమంటుంది, వెనక్కి వాల్చితే వాల్చినంతసేపూ పట్టుకోవాలి. పాత సామాన్లాయన దాన్ని చూసి పగలబడి నవ్వాడు.

"తూకానికేస్తే టీ ఖర్చులొస్తాయి, అంతే!"

ఆ మాట రోడ్డవతలికీ వినపడింది. గంట తిరక్కుండా ఎదురాయన వచ్చి మామ చేతిలో నోట్ల కట్ట పెట్టాడు.

"కుర్చీ నేను కొన్నా. తర్వాత తీసుకెళ్తా."

"నా షాపు మూయించాలనేరా వీడి ఎత్తు," అని మామ నా దగ్గర పళ్లు నూరాడు. అయినా పెళ్లాం ముందా, పౌరుషం ముందా? నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాటికల్లా అత్తకు అజమాయిషీ కూడా తిరిగొచ్చింది. నాలుగో రోజు, "ఆ గడ్డమేంటి, దొంగలా! పోయి గీసుకురా," అని మామను తరిమింది.

కత్తి తెచ్చుకుందామని షాపుకొచ్చిన మామ, ఎదురుగా చూసి ఆగిపోయాడు. నిరుడు ఎదురాయన కొన్న ఎర్ర రెక్సిన్ కుర్చీ అక్కడ లేదు. ఎదురాయన కిర్రుకుర్చీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఎవరికో గడ్డం గీస్తున్నాడు.

మామ రోడ్డు దాటాడు.

"నీ కొత్త కుర్చీ ఏదయ్యా?"

"అమ్మేశా."

"మతి పోయిందా నీకు? ఈ తుక్కు కోసమా?"

"చెల్లెమ్మ ప్రాణం కన్నా కుర్చీ ఎక్కువా బావా? ముందు కూర్చో, ఆ గడ్డం చూడలేకపోతున్నా."

గడ్డం అయిన మనిషి లేవగానే మామ కూర్చున్నాడు. నురగ పూసి కత్తి ఆనించగానే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"కదలకు, తెగుతుంది," అని కసిరాడు ఎదురాయన. కత్తి పక్కన పెట్టి, కుర్చీ వదలకుండానే తువ్వాలుతో మామ కళ్లు తుడిచాడు.