ఎవరు నేర్పించారంటే...

మా పాప ధర్మవరంలో ఆరో తరగతి చదువుతోంది. లెక్కలు, సైన్సు, డ్రాయింగు కలిపి ఒకే ప్రాజెక్టు చేసుకురమ్మన్నారు బడిలో. పాప పట్టుచీర అంచును ఎంచుకుంది. ఇంట్లోనే మగ్గం నేసే మా ఆయన వారం రోజులు దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. గళ్ల కాగితం మీద మామిడిపిందెలు గీయించారు, ఏ గడికి ఎన్ని పోగులో లెక్క కట్టించారు, పట్టుకు రంగు ఎలా పడుతుందో చెప్పారు. డిగ్రీ చదివిన నాకు అందులో సగం అర్థం కాలేదు.

ప్రదర్శన రోజు పాప గడగడా చెప్పేసింది. "ఇంత బాగా ఎవరు నేర్పించినారు పాపా?" అని టీచరు మెచ్చుకుంటూ అడిగారు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులంతా ఉద్యోగస్థులే. పాప నోరు తెరిచేలోగా, "నేనే మేడమ్, బీయస్సీ చేసినా" అనేశాను.

మా ఆయన నా వెనకే ఉన్నారు. పాప బిత్తరపోయి ఆయన వైపు చూసింది.

"అవున్లే పాపా, మీయమ్మే. నాకేం తెలుస్తాది?" అని నవ్వి, బయటికి వెళ్లిపోయారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నిన్న పాప కొత్త ప్రాజెక్టు తెచ్చింది. పుస్తకం పట్టుకుని మగ్గం దగ్గరికి పోతూ ఆగి, "మా, ఈతూరి ఎవరు నేర్పించినారని చెప్పల్ల?" అని అడిగింది.

మిగతావన్నీ ఆయన నేర్పారు. ఆ ప్రశ్న మాత్రం నేను నేర్పిందే.